పడేవాడు

మా క్లబ్బు కార్యదర్శిని నేను తేనెసీసా అంటాను. ఎదురుగా కాదు, ఎదురుగా అనేంత ధైర్యం ఉంటే నా బతుకు ఇంకోలా ఉండేది, నాలో నేనే అంటాను, మా ఆవిడతో అంటాను, కారు సీటుకి కవరు కుడుతున్నప్పుడు సూది దిగిన ప్రతిసారీ అంటాను. ఇరవై ఏళ్ళు ఈ జూడో హాలు తాళం తీసినవాణ్ణి నేను, ఊడ్చినవాణ్ణి నేను, చిరిగిన మ్యాట్లు కుట్టినవాణ్ణి నేను. వాడు చేసిందల్లా నవ్వడం. ఆ నవ్వుతోనే నా చోటు తీసి తన అల్లుడి చేతిలో పెట్టాడు. ఇప్పుడు కూడా చూడండి, ఆ మూల బల్ల వెనక కూర్చుని నా వంక చూసి తలూపుతున్నాడు, నేనేదో వాడింటికి భోజనానికొచ్చిన చుట్టాన్నయినట్టు, వచ్చావా, చాలా సంతోషం, మొహమాటపడకు అన్నట్టు. వచ్చానులే. నీకోసం కాదు. మ్యాటు అంచున మోకాళ్ళ మీద మా ఆవిడ పక్కన కూర్చున్నాను, ఎందుకంటే ఇవాళ ఆమెకి పసుపు బెల్టు పరీక్ష, ఆమె విసిరితే పడటానికి ఒక మనిషి కావాలి, ఆ పడేవాణ్ణి నేను. పడతాను, లేస్తాను, ఆమె బెల్టు ఆమెకొస్తుంది, ఆ తర్వాత బయట నా ఎడమ బూటులో పెట్టిన తాళంచెవి తీసుకొచ్చి ఆ బల్ల మీద టక్కున పెట్టి, మళ్ళీ ఈ గడప తొక్కను. రాత్రి అనుకున్నాను, పొద్దున బస్సులో అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను, టక్కున అనే ఆ చప్పుడుతో సహా.

తాళంచెవి ఇమ్మని తేనెసీసా రెండుసార్లు కబురు పెట్టాడు. వెతుకుతున్నానని చెప్పించాను. వాళ్ళు తాళాన్నిబట్టి వేరే చెవి చేయించుకున్నారు, అది మొదటిసారికి తిరగదట, బయటికి లాగి, ఊది, మళ్ళీ పెట్టాలట, ఆ మాట విన్నరోజు నేను కడుపునిండా తిన్నాను. ఇలాంటి వాటికి సంతోషించే స్థితికి వచ్చాను చూడండి. నా పక్కన మా ఆవిడ పెదవులు కదుపుతోంది. కుడికాలు, తిరుగు, నడుము కిందికి, లాగు. కుడికాలు, తిరుగు. ఆసుపత్రి లాండ్రీలో పని ఆమెది, తడిసిన దుప్పట్లు మెషిన్లోంచి ఎత్తి బండిలో వేస్తుంది రోజంతా, పద్దెనిమిదేళ్ళుగా ఎత్తుతోంది, ఆ నడుముకి జూడో కొత్తగా నేర్పాల్సింది ఏముంది, తడిదుప్పటి కంటే నేనేం బరువా అని రాత్రి అడిగితే, దుప్పటి అయితే ఎదురుచెప్పదు కదా అంది.

నా ఎడమ మోకాలి కింద ఒక కుట్టు తగులుతోంది. నాదే. కళ్ళు మూసుకుని చెప్పగలను, దబ్బనంతో నైలాను దారం వేసి కుట్టిన కుట్టు, చలికాలంలో వేసింది, చేతులు కొంకర్లు పోయి కాస్త వంకర వచ్చింది. అసలు నేను ఈ హాల్లోకి వచ్చిందే కుట్టడానికి. అప్పటికి నేను ఏడో తరగతిలో బడి మానేసి చాలాకాలం అయింది, సీట్ల దుకాణంలో జీతగాణ్ణి, ఒక పెద్దాయన వచ్చి మ్యాట్లకి కాన్వాసు కవర్లు కావాలన్నాడు. అగ్నిమాపక దళంలో పనిచేసి రిటైరైనవాడు, అందరూ ఫైరింజను మేష్టారు అనేవారు, గొంతు కూడా సైరన్లాగే ఉండేది, మెల్లగా మొదలై ఇల్లెగిరిపోయేలా లేచేది. కవర్లు కుట్టి, తెచ్చి, పరిచి, డబ్బులకోసం నిలబడితే, కుట్టు గట్టిదో కాదో చూద్దాం ఉండు అని నా చొక్కా కాలరు ఒక చేత్తో, మోచేతి దగ్గర ఇంకో చేత్తో పట్టుకున్నాడు. ఆ తర్వాత ఏం జరిగిందో ఇప్పటికీ పూర్తిగా తెలీదు. ఇంటికప్పు కనిపించింది. కప్పులో ఉన్న పంఖా కనిపించింది. నా రెండు కాళ్ళు పంఖాకి ఎదురుగా, నావి కానట్టు, ఎవరివో పాపం అన్నట్టు కనిపించాయి. తర్వాత వెల్లకిలా ఉన్నాను, ఎక్కడా నొప్పి లేదు, ఆయన నా చొక్కా చెయ్యి ఇంకా వదల్లేదు, ఆ పట్టుకోవడం వల్లే తల నేలకి తగల్లేదని తర్వాత తెలిసింది. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "మేష్టారూ, ఇంకోసారి." ఆయన పగలబడి నవ్వాడు. డబ్బులిచ్చాడు. మర్నాడు వెళ్ళాను, ఆ మర్నాడు వెళ్ళాను, ఇక వెళ్తూనే ఉన్నాను.

ముందు పడటం, తర్వాతే పడెయ్యడం, అదీ ఆయన పద్ధతి. నెలంతా పడటమే నేర్పేవాడు. గడ్డం గుండెకి ఆనించు, చెయ్యి చాచి మ్యాటుని ఫట్‌మని కొట్టు, చప్పుడు ఎంత పెద్దదైతే దెబ్బ అంత చిన్నది. పడేవాడికి రెండే రెండు నిషేధాలు పెట్టేవాడు. బిగుసుకోకూడదు. దూకకూడదు. బిగుసుకుంటే వేసేవాడి నడుము విరుగుతుంది, దూకితే వేసేవాడికి పని రాదు. "పడేవాడంటే తలుపురా," అనేవాడు, "తోస్తే తెరుచుకోవాలి. తోయకముందే తెరుచుకుంటే అది తలుపు కాదు, కంత." ఇప్పుడాయన కూతురి దగ్గర, వేరే ఊళ్ళో, మోకాళ్ళు పనిచెయ్యక కుర్చీలో కూర్చుని టీవీలో కుస్తీలు చూసి తిడుతూ ఉంటాడట. వెళ్ళేముందు ఈ తాళంచెవి నా చేతిలో పెట్టాడు. ఎప్పుడు తెరవాలో చెప్పాడుగానీ ఎప్పుడు మూసుకోవాలో చెప్పలేదు.

పిచ్చి పట్టింది నాకు జూడో. నవ్వుకోవడానికి బాగుంటాయి ఆ రోజులు. మ్యాటెక్కేముందు గుమ్మం దగ్గర నడుము వంచి వంగడం అలవాటు కదా, బ్యాంకుకి వెళ్ళినా వంగేవాణ్ణి, అక్కడ గార్డు కూడా తిరిగి వంగాడు ఒకసారి పాపం. స్నానాలగది గుమ్మం దగ్గరా వంగేవాణ్ణి. మా ఆవిడ ముందు నవ్వింది, తర్వాత వెక్కిరించింది, వెక్కిరించి వెక్కిరించి తనకే అలవాటైంది, ఒకరోజు పొద్దున నేను లోపల్నుంచి తను బయట్నుంచి ఒకేసారి వంగి నుదుళ్ళు ఢీకొట్టుకున్నాం, ఇద్దరికీ బొప్పులు, లాండ్రీలో ఆమె స్నేహితురాళ్ళు, మీ ఆయన కొడతాడా అని రహస్యంగా అడిగారట, లేదు, నమస్కారం పెడతాడు అందట. ఒకసారి నడివీధిలో అరటితొక్క మీద కాలేసి జారితే, ఆలోచన లేకుండా గడ్డం లోపలికి, చెయ్యి ఫట్, దొర్లి లేచి నిలబడ్డాను, చేతిలో సంచీలో గుడ్లు ఉన్నాయి, ఒక్కటీ పగల్లేదు, పక్కన పూలమ్మే ఆవిడ చప్పట్లు కొట్టింది, ఆ రోజు నా అంతవాడు లేడనుకున్నాను. ఇది చెప్తుంటే కూడా మీసం మెలెయ్యాలనిపిస్తోంది. గుడ్లండీ. ఒక్కటీ పగల్లేదు.

మ్యాటు మీద ఇప్పుడు ట్యాక్సీ డ్రైవరు తన పరీక్ష ఇస్తున్నాడు, ఆకుపచ్చ బెల్టుకి. వీడి సంగతి తర్వాత చెప్పాలి, కాదు, ఇప్పుడే చెప్పాలి, లేకపోతే గొంతులో ఉండిపోతుంది. వీడు నా మనిషి అనుకున్నాను. సర్వసభ్య సమావేశంలో, సీనియర్లకి విశ్రాంతినివ్వాలి అనే తీర్మానానికి, విశ్రాంతి అంటే నేనే, సీనియర్లు అంటే కూడా నేనే, చేతులెత్తమన్నప్పుడు వీడి చెయ్యి అందరికంటే ముందు లేచింది. బయటికొచ్చాక అడిగితే, "అన్నా, చెయ్యి దురదపెడితే ఎత్తానన్నా, లెక్కపెట్టేస్తారని తెలీదు," అన్నాడు. నా పార్టీలో మొత్తం మిగిలింది నేనూ, మందులషాపు ఆవిడా. ఆవిడ కూడా రెండువైపులా ఎత్తింది, ఎవరినీ బాధపెట్టడం ఆవిడకి ఇష్టం ఉండదు. తేనెసీసా లేచి నా సేవల గురించి ఎంత బాగా మాట్లాడాడంటే ఇంకాసేపుంటే నాకే కన్నీళ్ళొచ్చేవి, ఆపైన గోడగడియారం ఒకటి చేతిలో పెట్టాడు, అది వెనకపడుతుంది, రోజూ కొంచెం, వాడి మాటలాగే, చూడ్డానికి బంగారం, నమ్మితే బస్సు పోతుంది.

కానీ తీర్మానం ఊరికే రాలేదు. అది కూడా చెప్పాలి. పొద్దున పెద్దవాళ్ళ తరగతి, పగలంతా సీట్లు, సాయంత్రం మళ్ళీ తరగతి, ఆదివారం పిల్లలు, మధ్యలో చిరిగిన మ్యాట్లు, కారే కుళాయి, ఫలానావాడికి నాకంటే ముందు బెల్టిచ్చారని ఏడ్చేవాడు, మా అబ్బాయిని ఎందుకు పోటీకి పంపలేదని వచ్చే తండ్రి. అలసట అంటే నిద్రపోతే పోయేది అనుకునేవాణ్ణి. ఇది నిద్రతో పోలేదు. నిద్రలేచేటప్పటికే ఉండేది, నాకంటే ముందులేచి మంచం పక్కన కూర్చున్నట్టు. జూడో కోటు ఉతికి ఆరేసి ఉంటే దాన్ని చూడబుద్ధయ్యేది కాదు. పిల్లలు విసురుతూ ఉంటే నాకేం కనిపించేది కాదు, కాళ్ళు, చేతులు, చప్పుడు, అంతే, దేనిమీదా మనసు నిలిచేది కాదు. ఒక సాయంత్రం ఈ గుమ్మం దగ్గరికే వచ్చి తాళంచెవి పెట్టాను. తిరగలేదు. తాళం కాదు, నా చెయ్యి తిరగలేదు. చెయ్యి నాదే, వేళ్ళు నావే, తిప్పు అంటే తిప్పవు. వెనక పిల్లలూ పెద్దలూ చేరుతున్నారు, ఏమైందన్నా అంటే తాళం పట్టేసింది అన్నాను. ఎవడో తాళాలవాణ్ణి పిలుచుకొచ్చాడు. వాడు నా చేతిలోంచి తాళంచెవి తీసుకుని ఒక్క తిప్పు తిప్పాడు, తలుపు నోరు తెరుచుకుంది. వాడు నా మొహం చూశాడు, తలుపు చూశాడు, డబ్బులు కూడా అడక్కుండా వెళ్ళిపోయాడు. ఇది సమావేశంలో తేనెసీసా ఎంత జాలిగా చెప్పాడో. పాపం, అలసిపోయాడండీ. నిజమే. అదే మంట. వాడు నామీద చెప్పింది అబద్ధమైతే ఎంత హాయిగా ఉండేది.

ఇక అల్లుడు. హాల్లో అందరం బెల్టు వరసన నిలబడతాం, కుడిచివర అందరికంటే పెద్దవాడు, ఎడమచివర నిన్నమొన్న చేరినవాడు. కుడిచివరి మ్యాటు ఫైరింజను మేష్టారి తర్వాత నాది. ఇప్పుడక్కడ అల్లుడు. కళ్ళజోళ్ళ దుకాణం వాడిది, మ్యాటెక్కేముందు తన కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టెలో పడుకోబెట్టి, పెట్టెని జోకొడతాడు. నల్లబెల్టు వేరేచోట తెచ్చుకున్నాడు, ఒప్పుకోవాలి, బెల్టు బెల్టే. పరీక్షలు పెట్టేది కూడా ఇప్పుడు వాడే. వాణ్ణి అసహ్యించుకుందామని ఎంత ప్రయత్నించినా ఒక చిక్కు ఉంది, వాడు మంచివాడు. మామ నవ్వుతాడు, వీడు నవ్వడు, ఒప్పుని ఒప్పంటాడు, తప్పుని తప్పంటాడు. అలాంటివాణ్ణి తిట్టుకోవాలంటే చాలా శ్రమ. నేను ఆ శ్రమ పడుతున్నాను.

తీర్మానమయ్యాక హాలుకి వెళ్ళడం మానేసి, ఈ నాలుగునెలలూ ఇంట్లో సోఫా మీద పడుకుని సీలింగు చూశాను. సోఫా కవరు నేను కుట్టిందే, అక్కడా ఒక కుట్టు వీపుకి తగిలేది. మా ఆవిడ మాత్రం సాయంత్రం అయ్యేసరికి జుట్టు ముడేసి, కోటు మడిచి సంచిలో పెట్టి, వెళ్ళొస్తానండీ అని బయల్దేరేది. నేను మానేసిన చోటికి. శత్రువుల దగ్గరికి. ఆమె మొదట చేరిందే నాకోసం, నన్ను భోజనానికి పిలుచుకెళ్ళడానికి వచ్చి, చెప్పులు విడిచేచోట బల్లమీద కూర్చుని, కూర్చుని విసుగొచ్చి, ఒకరోజు మ్యాటెక్కింది. మరి నేను మానేస్తే తనూ మానెయ్యాలిగా. "నేను మీ పార్టీలో లేనండీ," అంది, "జూడోలో ఉన్నాను." ఇంట్లో కిటికీ ఊచకి దుప్పటి కట్టి, తిరగడం, లాగడం, తిరగడం, లాగడం. ఫ్రిజ్ తలుపు నడుముతో మూసేది. రోజూ ఇంటికొచ్చి చెప్పేది, ఇవాళ ఒకాయన్ని ఎత్తాను, ఇవాళ ఎత్తబోయి ఆయనతోపాటు నేనూ పడ్డాను, నవ్వలేక చచ్చాం. చెప్తూ ముఖం వెలిగిపోయేది. ఆ వెలుగు నాకు తెలుసు. ఆ పంఖా ముందు నా కాళ్ళు చూసిన రోజు నా ముఖంలో ఉండే ఉంటుంది. అది ఎవరు తీసుకెళ్ళారని సోఫా మీద పడుకుని నేను వెతుక్కుంటున్నాను, నా ఇంట్లోనే ఫ్రిజ్ దగ్గర తిరుగుతోంది.

మొన్న మందులషాపు ఆవిడ మణికట్టు బెణికింది. మా ఆవిడకి పడాల్సింది ఆవిడే. బెల్టున్నవాళ్ళెవర్నైనా తెచ్చుకోవచ్చని రూలు. అన్నం వడ్డిస్తూ, నా వంక చూడకుండా, "మీరు పడతారా?" అంది. అంతే. బతిమాలలేదు, ఆ నాలుగు నెలల మాటెత్తలేదు. పడతాను అన్నాను. నాలుగు మెతుకులయ్యాక, పడి వచ్చేస్తాను, మళ్ళీ వెళ్ళను అని కూడా అన్నాను. పడటం వరకే నేనడిగింది, కూర వెయ్యనా అంది.

పిలిచారు. లేచాం. మ్యాటు మధ్యకి నడిచాం, ఎదురెదురుగా నిలబడి వంగాం, ఇంట్లో అలవాటు వల్ల ఇద్దరం నుదుళ్ళు కాచుకుంటూ కొంచెం పక్కకి వంగాం, అది మాకు తప్ప ఎవరికీ తెలీలేదు, ఆమె పెదవి చివర కదిలింది. పిల్లలు గోడవారగా కూర్చుని ఉన్నారు, నేను నేర్పినవాళ్ళు, నన్ను చూసి గుసగుసలు. తేనెసీసా గడ్డంకింద చెయ్యి పెట్టుకున్నాడు. అల్లుడు కళ్ళజోడు లేకుండా కళ్ళు చికిలించి, "తుంటి విసురు," అన్నాడు. ఆమె చెయ్యి నా కోటు చేతి మీద పడింది, ఇంకో చెయ్యి నా నడుం వెనక్కి వచ్చింది, ఆసుపత్రి సబ్బువాసన, కుడికాలు, తిరిగింది, ఆమె నడుము నా బెల్టు కిందకి చేరుతోంది, చేరుతోంది, ఇంకా పూర్తిగా చేరలేదు, ఆమె చెయ్యి కాస్త ఆలస్యం, అయ్యో పడెయ్యలేదేమో, అందరూ చూస్తున్నారు, వాడు చూస్తున్నాడు, నా భార్య వాడి ముందు తడబడటమా, అంతే, నా మడమలు వాటంతటవే నేలని తన్నాయి. దూకాను. గాల్లో చక్కగా తిరిగి, ఎంత అందంగా పడ్డానంటే పిల్లలు చప్పట్లు కొట్టారు. ఫట్.

"మళ్ళీ," అన్నాడు అల్లుడు.

వాడు చూశాడు. కళ్ళజోడు లేకుండా కూడా చూశాడు. నేను లేస్తుంటే మా ఆవిడ నా కాలరు సర్దుతున్నట్టు దగ్గరికొచ్చి చెవిలో, పళ్ళ మధ్యనుంచి అంది, "ఏమండీ, నా బదులు మీరెందుకు దూకడం? పడెయ్యలేననా?" లేదు, అది కాదు, అనబోయాను. మళ్ళీ పట్టుకుంది. ఈసారి దూకకూడదు, దూకకూడదు, దూకకూడదు అనుకుంటూ అనుకుంటూ కరెంటు స్తంభంలా బిగుసుకుపోయాను. ఆమె తిరిగింది, లాగింది, నా కాళ్ళు నేలకి కుట్టేసినట్టున్నాయి. కదల్లేదు. ఆమె ఊపిరి విడిచింది. అల్లుడు ఒక వేలు చూపించాడు, ఇంకొక్కటే అవకాశం అని. ఇంకొక్కసారి తప్పితే ఈ విసురుకి మార్కు రాదు, మార్కు రాకపోతే బెల్టు రాదు, కిటికీ ఊచకి కట్టిన ఆ దుప్పటి, ఆ ఫ్రిజ్ తలుపు, ఆ సాయంత్రాలన్నీ నా కాళ్ళ దగ్గర ఆగిపోతాయి. ఆమె తిట్టలేదు. నా కోటు చెయ్యి పట్టుకుని ఒక్కసారి దులిపింది, లాండ్రీలో దుప్పటి మడిచేముందు దులుపుతుంది చూడండి, అలా. నా కళ్ళలోకి చూసి మెల్లగా అంది, "బరువు నాకివ్వండి. మోస్తాను."

ఎన్నేళ్ళుగా దూకుతున్నాను. అది ఆ మ్యాటు మధ్యలో, అందరి ముందు, కోటు ఊడి వేలాడుతుండగా తట్టింది. తాళం ఎవరూ తీయకముందే తీశాను. చీపురు ఎవరూ అడక్కముందే పట్టాను. ఎవరి పిల్లాడైనా తడబడుతుంటే నేనే దూకి వాడి విసురు బాగుందనిపించాను. చిరగబోయే మ్యాటు చిరక్కముందే కుట్టాను, కుళాయి కారబోతోందని రాత్రి నిద్రలేచి ఆలోచించాను. తోయకముందే తెరుచుకున్న తలుపు. కంత. కంతలోంచి గాలి పోతుంది కదా అంతా. అందుకే ఏమీ మిగల్లేదు, ఆ సాయంత్రం చెయ్యి తిరగలేదు. తర్వాత నాలుగునెలలు బిగుసుకుని పడుకున్నాను. దూకడం లేకపోతే బిగుసుకోవడం. మేష్టారు చేయొద్దన్నవి రెండే రెండు, రెండూ ఒకదాని తర్వాత ఒకటి చేశాను, ఇవాళ మా ఆవిడ ముందు వరసగా చేసి చూపించాను కూడా. నవ్వొచ్చింది. నిజంగా, పరీక్ష మధ్యలో, లోపల్నుంచి ఎక్కడో కితకితలు పెట్టినట్టు నవ్వొచ్చింది, నవ్వు రాగానే భుజాలు దిగిపోయాయి, భుజాలు దిగగానే మోకాళ్ళు వదులయ్యాయి, ఆమెకి తెలిసిపోయింది, ఆ వదులవ్వడం ఆమె చేతికే ముందు తెలిసింది.

తిరిగింది.

ఆమె నడుము నా కిందకి వచ్చి నిలబడటం తెలిసింది. నా బరువు, మొత్తం, పొద్దుటి తరగతీ సాయంత్రం తరగతీ తీర్మానమూ గడియారమూ అన్నీ కలిపి, ఆమె నడుం మీదకి ఎక్కడం తెలిసింది, ఆమె ఏమీ అనకుండా ఎత్తడం తెలిసింది, తడిదుప్పటి ఎత్తినట్టు, పద్దెనిమిదేళ్ళుగా ఎత్తుతున్నట్టు. నేల లేదు. కప్పు వచ్చింది. పంఖా, అదే పంఖా, రంగు మార్చారు, మార్చినట్టు నాకు చెప్పలేదు. పంఖాకి ఎదురుగా రెండు కాళ్ళు, కాస్త లావెక్కాయి, ఎవరివో పాపం. హాలు మొత్తం తలకిందులు, తేనెసీసా కూడా తలకిందులు, తలకిందులుగా చూస్తే వాడి నవ్వు ఏడుపులా ఉంది, వాడికీ ఏవో బాధలుండే ఉంటాయి, ఉండనీ. చెయ్యి దానంతటదే చాచుకుంది. ఫట్. ఆ చప్పుడు గోడల్ని తాకి తిరిగొచ్చింది. వీపు కింద నా కుట్టు. ఆమె నా కోటు చెయ్యి వదల్లేదు, తల నేలకి తగల్లేదు. నేను కప్పు చూస్తూ, ఎవరూ అడగని మాట, గట్టిగా, హాలంతా వినేలా అన్నాను, "ఇంకోసారి."

"అక్కర్లేదు, బాగుంది," అన్నాడు అల్లుడు, నవ్వినంత పని చేశాడు.

మా ఆవిడ రొప్పుతూ, ముఖం ఎర్రగా వెలిగిపోతూ, నన్ను లేపడానికి చెయ్యి చాపింది. ఇక్కడ చిన్నవాళ్ళందరూ పెద్దవాళ్ళని అన్నా అంటారు, నాలుగునెలలుగా ఆ హాల్లో ఎవర్ని లేపినా అదే అలవాటు, ఆ ఊపులో, అందరి ముందు, "లేవన్నా," అనేసింది.

పిల్లలు పడిపడి నవ్వారు. మందులషాపు ఆవిడ కట్టుకట్టిన చేత్తో నోరు మూసుకుంది. ట్యాక్సీ డ్రైవరు, "అక్కా, ఇంట్లో కూడా అంతేనా? మరి మాకు అన్న బావవుతాడా, అన్నే ఉంటాడా, తేల్చండి!" అని అరిచాడు. మా ఆవిడ రెండుచేతులతో ముఖం కప్పుకుని మ్యాటు మీదే కూలబడింది. నేను లేవలేదు. నవ్వుతో లేవలేకపోయాను. కళ్ళవెంట నీళ్ళు చెవుల్లోకి కారుతుంటే వెల్లకిలా పడుకుని నవ్వాను, ఈ హాల్లో నేను ఆఖరిసారి ఎప్పుడు నవ్వానో గుర్తుతెచ్చుకుందామని చూసి, గుర్తురాక, దానికి కూడా నవ్వాను. మిగతా విసుర్లు ఎలా అయ్యాయో నేను చెప్పలేను. ఎడమవైపు వేసింది, కాలుతో ఊడ్చింది, నేలమీద అదిమిపట్టింది. పడ్డాను, పడ్డాను, పడ్డాను, ప్రతిసారీ ఆ పంఖాని పలకరించాను.

అల్లుడు కళ్ళజోడు పెట్టుకుని ఫలితం చెప్పాడు. పసుపు. ఆమె బెల్టు తీసుకుని, నా వంక తిరిగి, ఎప్పుడూ చెయ్యనట్టు బాగా కిందిదాకా వంగింది. నేను బయటికెళ్ళి బూటులోంచి తాళంచెవి తీశాను. బల్ల దగ్గరికి నడిచాను. టక్కుమనలేదు. ఎందుకో మెత్తగా పెట్టాను, ఇరవై ఏళ్ళు చేతిలో ఉన్నది కదా.

"దొరికిందన్నమాట!" అన్నాడు తేనెసీసా, తేనె ఒలుకుతూ. "మంచిది, మంచిది. అంటే ఇక రావా ఏమిటోయ్? అలా అనకు."

"వస్తానండీ," అన్నాను. అనేదాకా నాకూ తెలీదు. "తలుపు మీరు తీసి పెట్టండి. నేను ఆలస్యంగా వస్తాను."

ఆలస్యంగా. ఆ మాట నోట్లో బెల్లంముక్కలా ఉంది, చప్పరించాను. అందరూ వచ్చాక, తలుపు బార్లా తెరిచి ఉండగా, లైట్లు ఎవరో వేసి, నేల ఎవరో ఊడ్చి, నేను చేతులూపుకుంటూ రావడం. కుళాయి కారితే, అరే, కుళాయి కారుతోందే అని ఆశ్చర్యపోవడం. వాడి ముఖం చూశాను, నవ్వు అలాగే ఉంది కానీ కళ్ళు చీపురున్న మూలకి వెళ్ళొచ్చాయి. వాడి మీద కోపం పోయిందా అంటే, పోలేదు, అబద్ధమెందుకు, ఉంది, రేపు సీట్లు కుట్టేటప్పుడు మళ్ళీ అంటాను. కానీ అది జేబులో చిల్లరలా ఉంది ఇప్పుడు, చప్పుడే ఎక్కువ.

వరస కట్టమన్నారు. అందరూ సర్దుకుంటున్నారు. కుడిచివర నిలబడిన అల్లుడు నన్ను చూసి, తన మ్యాటు మీంచి ఒక అడుగు పక్కకి జరిగి, "అన్నా, ఇటు రండి," అన్నాడు. మామ వైపు చూడకుండానే అన్నాడు. మంచివాడని చెప్పానుగా, చిక్కు అదే. ఆ మ్యాటు వంక చూశాను. కుడి అంచున కుట్టు, మేష్టారి కాలంలో వేసింది, దారం ఇంకా కదల్లేదు. కాళ్ళు అటు ఒక్కసారి ఊగాయి. అప్పుడు ఎడమచివర మా ఆవిడ, కొత్త బెల్టు ముడి పడక, గడ్డంకింద పట్టుకుని కుస్తీపడుతూ కనిపించింది. ఆమె పక్కన, పిల్లల తర్వాత, అన్నిటికంటే ఆఖరి మ్యాటు ఖాళీగా ఉంది. "ఉండు బాబూ, నువ్వే ఉండు," అని ఆ చివరికి నడిచి, ముడేశాను, ఆమె పక్కన నిలబడ్డాను. వంగమన్నారు, వంగాం, అలవాటుగా ఇద్దరం కొంచెం పక్కకి.

కాబట్టి తేనెసీసా వల్ల నాకు పోయిందెంత అని ఎవరైనా అడిగితే కచ్చితంగా చెప్పగలను, కవరు కుట్టినవాణ్ణి, కొలతలు నావే. ఒక మ్యాటు. పొడవు ఆరడుగులు, వెడల్పు మూడడుగులు.